అసలు పేరు పిచ్చి

నాకొక వ్యసనం ఉంది. పైసా ఖర్చు లేనిది కాబట్టి ఇంట్లో ఎవరూ మాన్పించే ప్రయత్నం చెయ్యలేదు. ఎవరైనా ఒక భాష పేరు ఎత్తితే చాలు, "అది పక్కవాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమని తాము ఏమనుకుంటారో తెలుసా?" అని అడుగుతాను. ఎదుటి మనిషి నీళ్ళు నములుతాడు. జర్మన్లు డాయిచ్ అంటారనీ, జార్జియన్లు కార్తులీ అంటారనీ, హంగేరీవాళ్ళు మజ్యార్ అంటారనీ నేనే చెప్పి కాసేపు పండితుణ్ణయిపోతాను. ఇంత చవగ్గా దొరికే పాండిత్యం ఇంకొకటి లేదు.

కాకసస్ కొండలకి అటు రష్యాలోనూ ఇటు దక్షిణపు లోయల్లోనూ కలిపి సుమారు అయిదు లక్షల మంది మాట్లాడే భాష ఒకటి ఈ పాండిత్యానికి గండి కొట్టింది. ఇంగ్లీషులో భాషాశాస్త్రజ్ఞులు దాన్ని ఎక్కువగా ఒసెటిక్ అంటారు. పత్రికలవాళ్ళు ఒసేషియన్ అంటారు. రష్యన్లో ఒసెతిన్‌స్కీ. ఇవన్నీ తప్పని లోకానికి చాటడానికి నేను బయల్దేరాను. బయల్దేరిన ప్రతిసారీ ఏం జరిగిందో దాచకుండా రాస్తున్నాను. దాచినా మా ఇంట్లోవాళ్ళు చెప్పేస్తారు.

మొదటి మెట్టు మీదే జారాను. ఒక భాషల పుస్తకంలో, వాళ్ళు తమ భాషను పిలుచుకునే పేరు అన్న చోట, రోమన్ లిపిలో నాలుగక్షరాలున్నాయి: ఐ, ఆర్, ఓ, ఎన్. బడిలో నేర్చిన చదువు ఎక్కడికి పోతుంది? ఐరన్ అని చదివాను. ఇనుము పేరు పెట్టుకున్న జాతి! కొండల్లో ఉండే జనానికి ఇంగ్లీషు పేరు ఎందుకుంటుందన్న అనుమానం లేశమైనా రాలేదు. పైగా దానికి సాక్ష్యాలు కూడా పోగేశాను. వాళ్ళకి నార్తులు అనే వీరుల కథలున్నాయి, ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజీల్ జీవితంలో పెద్ద భాగం వాటికే ధారపోశాడు. ఆ కథల్లో బత్రాజ్ అనే వీరుడి ఒళ్ళంతా ఉక్కు. కుర్దలాగోన్ అనే దేవలోకపు కమ్మరి అతన్ని కొలిమిలో కాల్చి గట్టిపరుస్తాడు. ఇంకేం కావాలి? ఉక్కు వీరుడు, దివ్యమైన కమ్మరి, ఐరన్ జాతి. ఒక వ్యాసం రాసి చిన్న పత్రికకి పంపాను. వేశారు. ఒక్క పాఠకుడైనా తప్పు పట్టలేదు. అసలు భయపడాల్సింది దానికే అని అప్పుడు తోచలేదు.

ఆ పేరు ఇరోన్. 'ఇర్' అంటే జనం పేరు, దానికి చివర 'ఓన్' అనే ప్రత్యయం చేరితే ఇర్‌లకు చెందినది అని అర్థం. భాషకి వాళ్ళ మాట అవ్జాగ్, నాలుకకీ అదే మాట. కాబట్టి ఇరోన్ అవ్జాగ్. ఇక ఇనుమును వాళ్ళు అఫ్సైనాగ్ అంటారు. దానికీ వాళ్ళ పేరుకీ ఏ చుట్టరికమూ లేదు. ఇది తెలిసిన రోజున నేను సిగ్గుపడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. సిగ్గుపడలేదు. ఎందుకంటే 'ఇరోన్' అని సరిగ్గా పలికీ పలకగానే ఇంతకంటే పెద్ద సిద్ధాంతం ఒకటి తలకెక్కింది.

ఇరోన్. ఇరాన్. ఆర్య! చూశారా ఎంత దగ్గరో. పైగా ఈ భాష నిజంగానే ఇరానియన్ కుటుంబానిది, అందులో తూర్పు శాఖది. ఒకప్పుడు నల్లసముద్రం పైనున్న గడ్డిమైదానాల్లో తిరిగిన స్కైతియన్లు, సర్మేషియన్లు, అలన్లు మాట్లాడిన మాటల్లో ఈనాటికీ బతికున్నది ఇదొక్కటే. అంకెలు చూడండి: ఏడుకి ఆవ్ద్, ఎనిమిదికి ఆస్త్, పదికి దస్. తల్లి మాద్, తండ్రి ఫిద్. అవ్జాగ్ కూడా సంస్కృతంలోని జిహ్వకి జ్ఞాతే. నీళ్ళకీ నదికీ వాళ్ళ మాట దోన్. రష్యాలో దోన్ నది ఉంది కదా, అది ఆ పాత ఇరానియన్ జనం వదిలి వెళ్ళిన పేరే. ఇదంతా నిజం. నిజాలు ఇన్ని వరసగా దొరికినప్పుడు వాటి చివర ఒక అబద్ధాన్ని తగిలించడం ఎంత తేలికో నాకు అనుభవం.

ఊళ్ళో సాహిత్య సభలో గంటసేపు మాట్లాడాను. "కాకసస్ మంచు కొండల్లో ఆర్య శబ్దాన్ని ఇవాళ్టికీ తమ పేరుగా ధరించిన జాతి" అన్నాను. ధరించిన అన్న మాట దగ్గర గొంతు కొంచెం వణికించాను కూడా. చప్పట్లు పడ్డాయి. జార్జియన్లో వాళ్ళని 'ఓసి' అంటారని చెప్పినప్పుడు మాత్రం వెనక వరసలోంచి ఒకాయన, "అయితే వాళ్ళూ ఓసీలేనన్నమాట" అన్నాడు. సభంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా గంట ఉపన్యాసం ఏ ఉబలాటం మీద నిలబడిందో ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తర్వాత వాసిలీ అబాయెవ్ చెప్పినదేమిటో తెలిసింది. ఆయన 1900లో కాకసస్ కొండల్లో కోబీ అనే ఊళ్ళో పుట్టి నూరేళ్ళు దాటి 2001లో పోయాడు. ఒసెటిక్ మాటల పుట్టుపూర్వోత్తరాల నిఘంటువును నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. మొదటిది 1958లో, నాలుగోది 1989లో. ముప్ఫయ్యేళ్ళ పైన ఒక మనిషి ఒక్కొక్క మాట దగ్గర ఆగి చేసిన పని అది. ఇర్ అన్న మాటని ఆర్యతో కలపడానికి ఆయన ఒప్పుకోలేదు. కారణం చాలా సరళం. ఈ భాషలో పాత 'ర'కారం పక్కన 'య'కారం ఉంటే ఆ రెండూ కలిసి 'ల'గా మారతాయి. ఆర్య అన్న మాట ఇన్ని శతాబ్దాలు ప్రయాణం చేసి వస్తే ఇర్‌గా రాదు, 'అల్'గా వస్తుంది. అలా వచ్చిందే అలన్. చరిత్రలో రోమన్లు ఎరిగిన అలన్ల పేరు ఆర్య శబ్దపు అసలు బిడ్డ. ఇర్ వేరే ఎక్కడినుంచో వచ్చింది. దాన్ని వీర శబ్దంతో ముడిపెట్టినవాళ్ళూ ఉన్నారు. అది వినగానే నాకు మళ్ళీ నోరూరింది గానీ, ఈసారికి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మరి ఆర్య మాట వాళ్ళ సొంత నోట ఎక్కడైనా మిగిలిందా? మిగిలింది, అల్లోన్ అన్న రూపంలో. ఎక్కడంటే, జానపద కథల్లో. మన కథల్లో రాక్షసుడు గుహలోకి అడుగుపెడుతూనే "నరవాసన, నరవాసన" అంటాడు కదా. వాళ్ళ కథల్లోనూ రాక్షసుడు ఇంటికొచ్చి ముక్కు ఎగబీల్చి అల్లోన్-బిల్లోన్ వాసన వేస్తోందంటాడు. వాళ్ళు తమని తాము పిలుచుకున్న ఆ పురాతన గౌరవ నామం మనుషుల నోట మాసిపోయి, మనిషిని తినేవాడి నోట మాత్రం భద్రంగా ఉండిపోయింది. నేను గొంతు వణికించి చెప్పిన ఆర్య శబ్దం అక్కడ రాత్రి భోజనం వాసన. ఈ సంగతి ఆ సాహిత్య సభలో చెప్పడానికి మళ్ళీ పిలవమని అడిగాను. పిలవలేదు.

మనిషికి రెండుసార్లు దెబ్బ తగిలితే వినయం వస్తుందంటారు. నాకు ధర్మాగ్రహం వచ్చింది. మూలం ఏదైనా కానీ, వాళ్ళు తమని ఇరోన్ అనుకుంటున్నారు కదా, మరి లోకం ఒసెటిక్ అని ఎందుకనాలి? ఆ పేరు పుట్టుక చూస్తే కోపం ఇంకా పెరిగింది. జార్జియన్లో మనిషి ఓసి, ఆ మనుషుల దేశం ఒసేతి, వాళ్ళ భాష ఒసురి. దేశాల పేర్లకి 'ఏతి' చేర్చడం జార్జియన్ పద్ధతి. రష్యన్లు దక్షిణానికి వచ్చి జార్జియన్ల నోట దేశం పేరు విన్నారు. ఆ దేశం పేరుకి తమ ప్రత్యయం తగిలించి మనిషిని ఒసెతిన్ చేశారు. ఆ మనిషి పేరుకి ఇంకొక ప్రత్యయం తగిలించి భాషని ఒసెతిన్‌స్కీ చేశారు. యూరప్ వాళ్ళు దాన్ని తమ తమ నోళ్ళకి సరిపెట్టుకున్నారు. ఒక మనిషిని పిలవడానికి అతని మీద ముందు దేశం ఎక్కించి, మళ్ళీ అందులోంచి మనిషిని దించడం ఇది. 1844లోనే సెంట్ పీటర్స్‌బర్గ్‌లో అంద్రియాస్ షోగ్రెన్ ఆ భాషకి వ్యాకరణం అచ్చు వేస్తూ పుస్తకం మకుటంలో ఇరోన్ అని పెట్టాడే, తర్వాతి వాళ్ళకి ఏం రోగం అని అరిచాను. వాళ్ళ మహాకవి కోస్తా ఖెతాగురోవ్ 1899లో వాళ్ళ ముఖ్య పట్టణం వ్లాదికవ్కాజ్‌లో తెచ్చిన కవితా సంపుటి పేరు ఇరోన్ ఫందిర్, అంటే ఇరోన్ వీణ. కవి చెప్పాక ఇంకేం కావాలి?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, నా ఆగ్రహంలో కొంత స్వార్థం ఉంది. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ప్రచురిస్తూ, సాధారణంగా జెంటూ అని పిలవబడే భాష అని మకుటంలోనే రాయాల్సి వచ్చింది. విగ్రహారాధకులని పోర్చుగీసువాళ్ళు అన్న మాట అది. బర్మాలో మనవాళ్ళు కోరంగి రేవు పేరుతో కోరంగీలయ్యారు. ఆ ఉక్రోషాన్ని తీసుకెళ్ళి ఎక్కడో మంచు కొండల మీదివాళ్ళకి అంటగట్టాను. వాళ్ళు నన్నేం అడగలేదు.

మా చెల్లెలి కూతురు వ్లాదికవ్కాజ్‌లో మెడిసిన్ చదువుతోంది. నా ఉద్యమానికి అంతకంటే మంచి మనిషి ఎవరు దొరుకుతారు? వెళ్ళేటప్పుడే చెప్పి పంపాను: "అమ్మాయ్, అక్కడివాళ్ళని ఒసెతిన్ అనకు. ఇరోన్ అను. ఎంత మురిసిపోతారో చూడు." అంతటితో ఆగానా? ఆ ఊరి పేరు కూడా రష్యన్లు పెట్టిందే, కాకసస్‌ను ఏలు అని అర్థం. 1784లో కట్టిన కోట అది. స్థానికులు ఆ ఊరిని జావుజిఖావ్ అంటారు, జావుగ్ అనేవాడి పల్లె అని. 1944 నుంచి 1954 దాకా అదే ఆధారంగా జావుజికావ్ అని సర్కారీ పేరు కూడా ఉండేది. ఆ ధీమాతో అమ్మాయికి పంపిన ఆవకాయ పార్సిల్ మీద చిరునామాలో ఊరి పేరు జావుజిఖావ్ అని రాశాను. వ్లాదికవ్కాజ్ అని కుండలీకరణాల్లోనైనా రాయలేదు, సిద్ధాంతం కదా. ఆ ఆవకాయ ఇప్పటికీ ఏ ఊళ్ళో ఊరుతోందో తెలియదు. మా చెల్లెలు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

అది చిన్న దెబ్బ. పెద్దది అమ్మాయి ఇంటి ఓనరమ్మ దగ్గర తగిలింది. పాపం ఆవిడ మంచిది. మొదటి రోజే చీజ్ పెట్టి కాల్చిన గుండ్రటి రొట్టె తెచ్చిపెట్టింది, వలిబాఖ్ అంటారట. మా అమ్మాయి కృతజ్ఞతతో నా పాఠం అప్పజెప్పింది: మీ ఇరోన్ భాష నేర్చుకోవాలనుంది అంది. ఆవిడ మొహం మారిపోయింది. "నేను ఇరోన్‌ని కాను. దిగోరోన్‌ని" అంది.

ఆ రాత్రే ఫోను వచ్చింది. "మావయ్యా, దిగోర్ అని ఇంకొకళ్ళున్నారని నువ్వు చెప్పలేదేం?"

చెప్పలేదు, ఎందుకంటే నేను ఆ పేజీ దాటేశాను. భాష ఒకటే, మాండలికాలు రెండు. ఎక్కువమందిది ఇరోన్, పడమటి లోయలవాళ్ళది దిగోర్. దిగోర్ పాత ఉచ్చారణల్ని ఎక్కువ నిలుపుకుంది. ఇరోన్‌లో సూర్యుడు ఖుర్, దిగోర్‌లో ఖోర్. ఇరోన్‌లో ఎలుక మిస్త్, దిగోర్‌లో చివరి అచ్చు ఊడకుండా మిస్త. సోవియట్ తొలినాళ్ళలో దిగోర్‌కి వేరే సాహిత్య భాషగా గుర్తింపు ఉండేది, తర్వాత తీసేశారు. దిగోర్ మనిషి తన భాషని దిగోరోన్ అవ్జాగ్ అంటాడు. ఇరోన్ అంటే అతనికి పక్క లోయవాడు. కొండలకి దక్షిణాన, దక్షిణ ఒసేతియాలో త్‌స్ఖిన్వాలి వైపు ఉన్నవాళ్ళు మాట్లాడేది ఇరోనే అయినా, ఉత్తరంవాళ్ళు వాళ్ళని కుదార్‌లంటారు. పరాయివాళ్ళు పెట్టిన పేరు నుంచి వాళ్ళని విడిపించబోయి, మా అమ్మాయి చేత ఆ ముసలావిణ్ణి పక్కింటి పేరుతో పిలిపించాను.

అప్పుడు రష్యాలో భాగమైన ఉత్తర ఒసేతియా గణతంత్రం రాజ్యాంగంలో ఆ భాష గురించిన వాక్యం చదివాను. అందులో ఒసెతిన్‌స్కీ భాష అని రాసి, పక్కన ఇరోన్, దిగోర్ మాండలికాలు అని విడివిడిగా చెప్పారు. నేను ఎగతాళి చేసిన ఆ జార్జియన్-రష్యన్ అతుకుల బొంత పేరు కిందే ఇద్దరూ పట్టారు. అది ఎవరి సొంతమూ కాదు కాబట్టి ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. సొంత భాషలో మాట్లాడేటప్పుడు మొత్తం భాషని ఇరోన్ అవ్జాగ్ అనేవాళ్ళే ఎక్కువ, అది నిజమే. కానీ ఆ 'మొత్తం'లో తాను ఉన్నానో లేనో అని ప్రతిసారీ తడుముకోవాల్సింది దిగోర్ మనిషి. ఇది అర్థమయ్యాక కూడా నా బుద్ధి కుదురుగా ఉందా? లేదు. ఇద్దరినీ కలుపుకునే పేరే కావాలంటే బయటి పేరెందుకు, అలన్ ఉందిగా!

నాకంటే ముందే వాళ్ళకీ ఆ ఆలోచన వచ్చింది. 1994లో ఉత్తరాది గణతంత్రం తన పేరు చివర అలానియా చేర్చుకుంది. మరుసటి ఏడు వ్లాదికవ్కాజ్ ఫుట్‌బాల్ జట్టు స్పార్తక్-అలానియా రష్యా ఛాంపియన్ అయింది. పేరు కలిసొచ్చిందని నేనంటే మూఢనమ్మకం అంటారు. 2017లో దక్షిణాదివాళ్ళు కూడా ఓట్లు వేసి తమ పేరుకి అలానియా తగిలించుకున్నారు. ఇంకేం, అసలు పేరు దొరికింది, సమస్య తీరింది అని మా అమ్మాయికి పెద్ద ఉత్తరం రాశాను.

కానీ పడమటి పక్కనే కరచాయ్‌లు, బల్కార్‌లు ఉన్నారు. మాట్లాడేది తుర్కు భాష. వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు "అలన్" అంటారు, మనం ఏరా, ఒరే అన్నంత మామూలుగా. పశ్చిమ జార్జియాలోని మింగ్రేలియన్లు కరచాయ్‌లనే అలనీ అంటారు. ఇంతకంటే విచిత్రం ఒకటుంది. జార్జియన్ 'ఓసి'కి మూలమైన 'ఆస్' అన్నది అలన్లకే ఇంకొక పాత పేరు. రష్యన్ చరిత్రల్లో వాళ్ళు యాసులు. ఆ ఆస్ అన్న పేరుతో ఒసేతీలు ఇప్పుడు ఎవరిని పిలుస్తారో తెలుసా? బల్కార్‌లని. వాళ్ళ నోట బల్కార్‌లు అసీ. మంగోలులూ, తర్వాత తైమూరూ వచ్చి అలన్ల రాజ్యాన్ని చెల్లాచెదురు చేశాక కొందరు లోయలు వదిలిపోయారు, కొందరు తుర్కు మాట నేర్చారు, ఎవరు వచ్చి ఉన్నా ఆ లోయల పేరు మాత్రం లోయల్ని అంటిపెట్టుకుంది. అంటే, జార్జియన్లు ఒసేతీలని ఏ పేరుతో పిలుస్తున్నారో, ఒసేతీలు ఆ పేరుతో పక్కవాళ్ళని పిలుస్తున్నారు. నేను కుర్చీలోంచి లేచి కాసేపు పచార్లు చేశాను.

హంగేరీ దాకా వెళ్ళిన ఆస్‌లు కూడా ఉన్నారు. పదమూడో శతాబ్దంలో వెళ్ళి స్థిరపడ్డారు, అక్కడ వాళ్ళ పేరు యాస్. యాస్‌బెరేన్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. భాష మాత్రం పోయింది. 1422 నాటి ఒక పాత దస్తావేజు వెనక ఎవరో రాసుకున్న సుమారు నలభై మాటల జాబితా 1957లో బయటపడింది. మొదట్లోనే ఒక పలకరింపు: దబాన్ హోర్జ్. ఇవాళ వ్లాదికవ్కాజ్‌లో మా అమ్మాయి ఓనరమ్మకి చెప్పే నమస్కారం: ద బోన్ ఖోర్జ్. నీ రోజు బాగుండాలి అని. పన్నెండో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో త్సెత్సెస్ అనే గ్రీకు కవి అలన్లని ఎలా పలకరించాలో రాసిపెట్టుకున్న మాట కూడా ఇదే. ఆయన వాళ్ళ పేరు గురించి నాలా బుర్ర పాడుచేసుకోకుండా, కనిపిస్తే ఏమనాలో నేర్చుకున్నాడు.

ఇదంతా సరదాగా చెబుతున్నాను గానీ, ఒకసారి అమ్మాయి నన్ను గట్టిగానే కసిరింది. జార్జియా ప్రభుత్వం దక్షిణ ఒసేతియా అన్న పేరు వాడదు, త్‌స్ఖిన్వాలి ప్రాంతం అంటుంది అని నేను ఆసక్తికరమైన విశేషంలా చెప్పుకుపోతున్నాను. 1990 డిసెంబర్‌లో జార్జియా పార్లమెంటు ఆ స్వయంప్రతిపత్తి ప్రాంతాన్ని రద్దు చేసింది. ఆ వెనకే యుద్ధం వచ్చింది, 2008 ఆగస్టులో మళ్ళీ వచ్చింది. ఇళ్ళు వదిలి పోయినవాళ్ళలో ఒసేతీలూ ఉన్నారు, జార్జియన్లూ ఉన్నారు. "ఇక్కడ నాతో చదివేవాళ్ళలో అలా వచ్చినవాళ్ళు ఉన్నారు మావయ్యా. ఏ పేరు సరైనదని వాళ్ళ దగ్గర అడగమంటావా?" అంది. నేను టాపిక్ మార్చి, తిండి సరిగ్గా తింటున్నావా అని అడిగాను.

ఇప్పుడు ఈ వ్యాసంలో నేనే ఒసెటిక్ అని రాశాను, ఒసేతీలు అని రాశాను. గమనించే ఉంటారు. భాషాశాస్త్రం పుస్తకం గురించి మాట్లాడుతుంటే ఒసెటిక్ అంటున్నాను, ఖెతాగురోవ్ కవిత్వం గురించైతే ఇరోన్ అంటున్నాను, ఓనరమ్మ ఊసు వస్తే దిగోర్ అంటున్నాను. ఇది జ్ఞానం అనుకోకండి, భయం. ఆవిడ ఈమధ్య మా అమ్మాయికి దిగోర్‌లో అంకెలు నేర్పుతోంది. వాటిని నాకు చెప్పమంటే అమ్మాయి చెప్పడం లేదు, మళ్ళీ ఏదో సిద్ధాంతం లేవదీస్తానని.

లేవదీయననే చెప్పాను. అయితే బల్కార్‌లు తమని తాము తావ్లూ అనుకుంటారని ఈమధ్యే తెలిసింది. కొండవాళ్ళు అని అర్థం. బల్కార్ అన్నది ఎవరు పెట్టారో, అసీ అంటే వాళ్ళకెలా ఉంటుందో తెలుసుకోకుండా ఎలా ఊరుకోవడం? నిన్న ఫోన్ చేసి, "మీ కాలేజీలో బల్కార్ పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగాను.

"ఉన్నారు మావయ్యా. నీ నంబర్ మాత్రం ఇవ్వను" అంది.